ఫైరింజన్ వచ్చింది సరే, నీళ్లెందుకు ఆలస్యమయ్యాయి?

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. మీరు చూసిన అగ్నిప్రమాదంలో బండి సైరన్ వేసుకుంటూ వచ్చి ఆగింది కానీ నాలుగైదు నిమిషాల దాకా నీళ్లు రాలేదు, జనం తిట్టిపోశారు, ఎందుకలా జరిగింది అన్నది మొదటిది. ఇంకా పెద్ద ట్యాంకు, ఇంకా బలమైన ఇంజన్ ఉన్న బండి కొంటే ఈ బాధలుండవు కదా అన్నది రెండోది. మంట ఆరాక కూడా గంటసేపు ఇంజన్ ఆపకుండా ఉంచారు, డీజిల్ దండగ కాదా అన్నది మూడోది.

నేను 23 ఏళ్లు ఫైరింజన్ డ్రైవర్‌గా, పంపు ఆపరేటర్‌గా పనిచేశాను. చివరి ఐదేళ్లు కొత్తవాళ్లకు ఇదే పని నేర్పాను. మొదటిరోజు వాళ్లందరి కళ్లూ సైరన్ స్విచ్ మీదే ఉండేవి. స్పీడుగా తోలడమే ఈ ఉద్యోగం అనుకుంటారు పాపం. నన్నడిగితే ఫైరింజన్ చేసే పనుల్లో పరుగు చాలా చిన్నది. దాని బతుకంతా నిలబడటంలోనే ఉంది. స్టేషన్లో రోజుల తరబడి ఊరికే నిలబడాలి. పిలవగానే చలిపట్టిన ఇంజన్‌తో లేవాలి. మంట దగ్గర సరైన చోట నిలబడాలి. నిలబడ్డ చోట నుంచి కదలకుండా గంటల తరబడి ఇంజన్ రేసులో పెట్టి పంపు తిప్పాలి. చిక్కులన్నీ అక్కడే వస్తాయి.

ముందు ట్యాంకు సంగతి చెప్తాను. నీళ్లు లీటరుకు కిలో బరువు. 4,500 లీటర్ల ట్యాంకంటే నీళ్లే నాలుగున్నర టన్నులు. దాని మీద పంపు, నిచ్చెనలు, హోస్ పైపులు, గాలి సిలిండర్లు, ఆరుగురు మనుషులు. ఇంకో 4,000 లీటర్లు పెంచుదామంటే ఇంకో యాక్సిల్ కావాలి, పొడవు పెరుగుతుంది, మలుపు తిరగడానికి ఎక్కువ చోటు కావాలి, చిన్న వంతెనల దగ్గర ఆలోచించాలి. సందు మొదట్లో ఇరుక్కుపోయిన 12,000 లీటర్ల బండి కంటే ఇంటి ముందుదాకా వెళ్లగలిగిన 2,000 లీటర్ల బండి వందరెట్లు నయం. పైగా ట్యాంకు ఎంత పెద్దదైనా లెక్క ఒకటే. నిమిషానికి 450 లీటర్లు పోసే నాజిల్ ఒకటి తెరిస్తే 4,500 లీటర్లు పది నిమిషాలు వస్తాయి. రెండు తెరిస్తే ఐదు నిమిషాలు. ట్యాంకు నీళ్లు మంటను ఆర్పడానికి అనుకోవద్దు. బయటి నుంచి నీళ్లు అందేలోపు మంటను పట్టి ఉంచడానికి అనుకోండి. చిన్న మంటయితే వాటితోనే పని అయిపోతుంది, అది మన అదృష్టం.

ఈ బరువుకు ఇంకో గుణం ఉంది. సిమెంటు బస్తాల లోడు వేసిన చోట పడి ఉంటుంది. నీళ్లు పడి ఉండవు. ట్యాంకు నిండుగా ఉంటే కదలడానికి చోటుండదు కాబట్టి ఫర్వాలేదు. సగం ఖాళీ అయినప్పుడే ప్రమాదం. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఒక మంట ఆర్పి సగం ట్యాంకుతో తిరిగొస్తున్నాను. ముందు కారు ఆగింది, నేనూ బ్రేకు తొక్కాను. బండి ఆగింది, నీళ్లు ఆగలేదు. ఒక్క క్షణం తర్వాత వెనక నుంచి దబ్బుమని ఎవరో నెట్టినట్టయింది, ముందు భాగం కిందికి వంగింది, బండి ఇంకో అడుగు జారింది. కారు డిక్కీకి, నా బంపరుకి మధ్య జానెడు మిగిలింది. ట్యాంకు లోపల ఈ ఊపును విరగ్గొట్టడానికే చిల్లులున్న అడ్డుపలకలు పెడతారు. అవి ఊపును తగ్గిస్తాయి, పూర్తిగా ఆపవు. పాత బండ్లలో తుప్పుపట్టి ఒకటి రెండు పలకలు ఊడిపోయి ఉంటాయి కూడా, బయటికి తెలియదు. మలుపులో ఇంకా ఘోరం. నీళ్లన్నీ బయటివైపు చేరతాయి, అసలే ఎత్తుగా ఉండే బండి అటే ఒరుగుతుంది. అందుకే మా దగ్గర ఒక అలవాటుండేది. తిరుగు ప్రయాణంలో ట్యాంకు నిండుగా అయినా ఉండాలి, ఖాళీగా అయినా ఉండాలి, మధ్యలో ఉండకూడదు.

స్పీడు గురించి నేను కొత్తవాళ్లతో కాగితం మీద లెక్క వేయించేవాణ్ణి. ఐదు కిలోమీటర్ల దూరానికి సగటున 40తో వెళ్తే ఏడున్నర నిమిషాలు, 50తో వెళ్తే ఆరు. ప్రాణాలకు తెగించి సంపాదించేది నిమిషంన్నర. అదే 60లో వెళ్తుంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతాం. కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపే 25 మీటర్లు దాటిపోతుంది. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక ఆగే దూరం నాలుగింతలు అవుతుంది. ఎదురుగా ఆటోనో స్కూటరో అడ్డొస్తే ఇక మంట దగ్గరికి వెళ్లేది మేం కాదు, ఇంకో బండి. మా దగ్గరికి అంబులెన్సు వస్తుంది.

సైరన్ ఉందిగా అంటారు. సైరన్ శబ్దం ముందుకు పోయినంతగా పక్కలకు పోదు. కూడలిలో మూలమీద భవనాలుంటే అడ్డరోడ్డులో వచ్చేవాడికి మనం దాదాపు మీద పడేదాకా వినపడదు. అద్దాలు మూసి, ఏసీ, పాటలు పెట్టుకున్నవాడి సంగతి చెప్పక్కర్లేదు. ఇంకో చిత్రం ఏమిటంటే, రెండు బండ్లు వెంటవెంటనే వెళ్తున్నప్పుడు ప్రమాదం రెండోదానికి. జనం మొదటిది దాటగానే ‘పోయింది’ అనుకుని రోడ్డెక్కేస్తారు. వినిపిస్తున్న సైరన్ దానిదే అనుకుంటారు. అందుకే వెనక బండివాళ్లం సైరన్ మోత మార్చి, బాగా ఎడం ఇచ్చి వెళ్లేవాళ్లం. ఎర్రలైటు పడిన కూడలిలో నేను ప్రతిసారీ పూర్తిగా ఆగి, నాలుగు వైపులా చూసి కదిలేవాణ్ణి. పక్క సీట్లో ఆఫీసరుకు టెన్షన్‌గా ఉండేది. ఆయన టెన్షన్ ఆయనది, స్టీరింగు నాది.

ఇక మీ అసలు ప్రశ్న, ఆ నాలుగైదు నిమిషాలు. బండి ఆగగానే నీళ్లు ఎందుకు రావు? సినిమాలో తప్ప ఎక్కడా రావు. మొదట బండిని ఎక్కడ నిలపాలన్నది తేల్చాలి. మంట ఉన్న ఇంటి ఎదురుగా ఆపేస్తే ఆ చోటు మనం మింగేసినట్టే, వెనక వచ్చే నిచ్చెన బండికి చోటుండదు. పైపుకు పైపు కలుపుకుంటూ పోవచ్చు, నిచ్చెనకు ఇంకో మెట్టు కలపలేం. కాబట్టి పంపు బండి కాస్త దాటి ఆగాలి. అలా దాటేటప్పుడు భవనం మూడు వైపులా కంటపడుతుంది, అదొక లాభం. పైన కరెంటు తీగలు ఉండకూడదు. గోడ కూలితే మీదపడే దూరంలో ఉండకూడదు. పొగ ఇటే వస్తుంటే పంపు దగ్గర మనిషి నిలబడలేడు, ఇంజన్‌కీ ఆ గాలి మంచిది కాదు. మన వెనక ఇంకో బండి వచ్చి ఆగినా మనం బయటపడే దారి ఉండాలి. ఇవన్నీ బండి ఇంకా దొర్లుతుండగానే చూసుకోవాలి. ఒకసారి ఆపి, పైపులు పరిచి, వాటిలో నీళ్లు నిండాక ఇక బండిని జరపడమంటే లోపల నాజిల్ పట్టుకున్నవాణ్ణి గాలికి వదిలేయడమే.

ఆగాక డ్రైవర్ దిగి పరిగెత్తడు. మామూలు పంపు బండ్లలో చక్రాలను తిప్పే ఇంజనే పంపునూ తిప్పుతుంది. హ్యాండ్‌బ్రేకు వేయాలి, ఇంజన్ శక్తిని చక్రాల నుంచి పంపుకు మళ్లించే పీటీవో కలపాలి, అది నిజంగా కలిసిందని మీటర్ మీద దీపం చూడాలి, దిగి చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టాలి. ఈ వరసలో ఒకటి తప్పితే ఏమవుతుందో తెలుసా? పంపు కలిసిందనుకుని వెనక ప్యానెల్ దగ్గర ఇంజన్ వేగాన్ని పెంచే థ్రాటిల్ పెంచితే, శక్తి ఇంకా చక్రాలకే పోతుంటే, డ్రైవర్ లేని బండి ముందుకు కదులుతుంది. దాన్ని అడ్డుకునే ఏర్పాట్లు కొత్త బండ్లలో ఉన్నాయి. అయినా దిమ్మలు పెట్టకుండా నేనెప్పుడూ థ్రాటిల్ ముట్టలేదు.

ఈలోగా మిగతావాళ్లు పైపులు పరుస్తారు, మెలికలు విప్పుతారు, నాజిల్ మనిషి మాస్కు వేసుకుంటాడు. అతను చెయ్యెత్తి సైగ చేసేదాకా నీళ్లు వదలకూడదు. మెలికపడిన పైపులోకి నీళ్లు వదిలితే అది పాములా లేచి కొడుతుంది. మీరు చూసిన ఆ ఆలస్యంలో కొంత ఈ సైగ కోసం ఎదురుచూడటమే అయి ఉంటుంది. కొంత నిజంగానే ఆలస్యం అయి ఉండొచ్చు, మా వాళ్లందరూ ఆరితేరినవాళ్లని నేననను.

నీళ్లు వెళ్లడం మొదలయ్యాక ఆపరేటర్‌కు అసలు పరీక్ష. నాజిల్ దగ్గర ఏం జరుగుతోందో అతనికి కనిపించదు, గేజి ముల్లు ఒక్కటే ఆధారం. పది మీటర్లు ఎత్తు పెరిగితే ఒక బార్ ప్రెషర్ పోతుంది. పైపులో రాపిడికి ఇంకొంత పోతుంది, నీటి ప్రవాహం రెట్టింపైతే ఆ నష్టం సుమారు నాలుగింతలు అవుతుంది. పది అంతస్తుల పైన, అంటే 30 మీటర్ల ఎత్తులో, నాజిల్ దగ్గర 5 బార్ కావాలంటే ఎత్తుకు 3, రాపిడికి 2 అనుకుంటే కింద పంపు దగ్గర 10 చూపించాలి. తక్కువైతే నీళ్లు మంటదాకా చేరవు. ఎక్కువైతే నాజిల్ పట్టుకున్నవాడు వెనక్కి పడతాడు. లోపలివాళ్లు నాజిళ్లన్నీ మూసేస్తే ఇంకో గొడవ. పంపు తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు బయటికి పోవు, ఉన్న కాసిని నీళ్లే చిలికి చిలికి వేడెక్కుతాయి. చెయ్యి పెడితే కాలేంత వేడి. అప్పుడు ట్యాంకులోకి తిరిగి పోయే వాల్వు కొద్దిగా తెరిచి నీళ్లను తిప్పుతుండాలి.

బయటి నీళ్ల కథ వేరే. చెరువో బావో ఉంటే సక్షన్ పైపు వేస్తాం. పంపు నీళ్లను లాగుతుందని అందరూ అంటారు, నిజానికి అది లాగదు. ప్రైమర్ అనే పరికరం ఆ పైపులోని గాలిని తీసేస్తుంది, బయట నీటి మీద ఉన్న వాతావరణ పీడనం నీళ్లను పైకి నెడుతుంది. సముద్రమట్టం దగ్గర ఆ నెట్టుడు లెక్కకు 10.3 మీటర్లు. పనిలో ఏడు మీటర్లు దాటితే నమ్మకం పెట్టుకోవద్దు.

ఒక రాత్రి పది గంటలప్పుడు చెరువుగట్టు మీద నాకు బుద్ధొచ్చిన సంగతి చెప్తాను. ప్రైమర్ నడుస్తోంది, వాక్యూమ్ ముల్లు లేస్తోంది, మళ్లీ పడిపోతోంది, నీళ్లు రావడం లేదు. సక్షన్ పైపు జాయింట్లన్నీ విప్పి టార్చి వేసి చూస్తే రెండో జాయింటు రబ్బరు వాషరు మీద బియ్యపుగింజంత ఇసుకరాయి. అది తుడిచి బిగిస్తే నీళ్లొచ్చాయి. పావుగంట బాగానే పోశాం. ఉన్నట్టుండి ఇంజన్ శబ్దం పెరిగింది, ప్రెషర్ ముల్లు వణకడం మొదలెట్టింది, పంపులో గులకరాళ్లు పోసి తిప్పినట్టు గరగరా మోత. కొత్తవాడు ఎవడైనా అప్పుడు చేసేది థ్రాటిల్ ఇంకా పెంచడం, నేనూ పెంచాను. మోత ఎక్కువైంది, నీళ్లు తగ్గాయి. మా పెద్దాయన పరిగెత్తుకొచ్చి నా చెయ్యి తోసేసి థ్రాటిల్ తగ్గించాడు. కింద సక్షన్ పైపు చివరనున్న జల్లెడ బురదలోకి దిగి, దానికి ప్లాస్టిక్ సంచి చుట్టుకుంది. నీళ్లు అందక పంపు ఖాళీ బుడగలతో కొట్టుకుంటోంది, ఆ బుడగలు పగిలినప్పుడల్లా లోపలి రెక్కల లోహం గుల్లవుతుంది. జల్లెడను వెదురుబుట్టలో పెట్టి, తాడుతో నీటి మధ్యలో వేలాడేటట్టు కట్టాకగానీ ఆ రాత్రి పని సాగలేదు.

హైడ్రెంటు, అంటే ఫైరింజన్ల కోసం ఊరి నీటి గొట్టాలకు పెట్టిన కుళాయి, ఉంటే హాయే, పైపు మూతి దానికి సరిపోతే. 1904లో అమెరికాలోని బాల్టిమోర్ తగలబడుతుంటే పక్క నగరాల నుంచి ఫైరింజన్లు రైళ్లలో వచ్చాయి. చాలావాటి హోస్ జాయింట్లు ఆ ఊరి హైడ్రెంట్లకు పట్టలేదు. అంత గుణపాఠం తర్వాత 1991లో ఓక్లండ్ కొండల మంటల్లో కూడా బయటి నుంచి సాయానికి వచ్చినవాళ్లకు ఇదే తిప్పలు. అక్కడి హైడ్రెంటు మూతి 3 అంగుళాలు, వచ్చినవాళ్ల పైపులు రెండున్నర. కోట్లు పోసి కొన్న బండ్లు అరచేతిలో పట్టే అడాప్టర్ లేక ఆగిపోతాయి. నా బండిలో ఏ పనిముట్టు ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలిగేవాణ్ణి, అడాప్టర్లు మాత్రం డ్రైవర్ సీటు వెనకే పెట్టుకునేవాణ్ణి.

స్టేషన్లో నిలబడటం కూడా తేలిక కాదు. ఫైరింజన్ కిలోమీటర్లు తక్కువ తిరుగుతుంది కాబట్టి కొత్తదానిలా ఉంటుందనుకుంటారు. ఓడోమీటర్ చూసి సర్వీసింగ్ చేయించే గుమస్తాలతో నేను చాలా వాదించాను. బండి మంట దగ్గర నిలబడి ఆరు గంటలు పంపు తిప్పితే ఓడోమీటర్ ఒక్క అంకె కూడా కదలదు, ఇంజన్ మాత్రం ఆరు గంటలు అరిగింది. చూడాల్సింది గంటల మీటర్. టైర్లదీ అదే కథ. గాడులు కొత్తగా మెరుస్తుంటాయి, రబ్బరు లోపల ఎండిపోయి ఉంటుంది. అమెరికా ఫైర్ సర్వీసు ప్రమాణాల్లో గాడులతో నిమిత్తం లేకుండా ఏడేళ్లకు టైరు మార్చమని ఉంది. టైరు పక్కన నాలుగు అంకెల్లో తయారైన వారం, సంవత్సరం అచ్చేసి ఉంటాయి, వంగి చదువుకోవడమే. మామూలు లారీ లోడు దింపుకున్నాక దాని స్ప్రింగు పట్టీలకు విశ్రాంతి ఉంటుంది. ఫైరింజన్ ట్యాంకు రాత్రీ పగలూ నిండుగానే ఉంటుంది కాబట్టి స్ప్రింగు పట్టీలు ఎప్పుడూ మోస్తూనే ఉంటాయి. ఏళ్లు గడిచాక బండి ఒక పక్కకు ఒరిగి నిలబడటం మీరూ గమనించవచ్చు.

ఎయిర్ బ్రేకుల గాలి రాత్రంతా సన్నగా లీకై పోతే, పొద్దున పిలుపు వచ్చినప్పుడు ప్రెషర్ ఎక్కేదాకా బ్రేకులు విడవవు. ఎంత అరిచినా బండి కదలదు. అందుకే మంచి స్టేషన్లలో గాలి గొట్టం, బ్యాటరీ చార్జరు బండికి తగిలించే ఉంచుతారు. ఇంజన్ స్టార్టు చేయగానే ప్లగ్గు దానంతట అదే ఊడి పడే ఏర్పాటు ఉంటుంది. ఈ మధ్య డీజిల్ బండ్లకు పొగ మసి పట్టే ఫిల్టర్లు వచ్చాయి. హైవే మీద పరిగెత్తే లారీలో అవి వేడెక్కి తమంతట తాము శుభ్రపడతాయి, తక్కువ దూరాలు తిరిగి గంటలకొద్దీ నిలబడే ఫైరింజన్లో మూసుకుపోతాయి. అప్పుడు ఇంజన్ తన పవర్ తానే తగ్గించుకుంటుంది, అదీ మంట ముందు. ఈ గొడవ ముదిరి అమెరికా పర్యావరణ సంస్థ 2012లో అత్యవసర వాహనాలకు సడలింపు ఇవ్వాల్సొచ్చింది. ఫిల్టర్లు అక్కర్లేదని మాత్రం అననండి. అదే ఏడాది అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ డీజిల్ పొగ క్యాన్సర్ తెస్తుందని తేల్చింది. తలుపులు మూసిన షెడ్డులో రోజూ ఆ పొగ పీల్చింది మేమే.

నిచ్చెన బండ్లను నేను తక్కువే నడిపాను కాబట్టి క్లుప్తంగా చెప్తాను. ఫిన్లాండుకు చెందిన బ్రోంటో స్కైలిఫ్ట్ 112 మీటర్లు చేరే బండి చేసింది, ఫొటోల్లో చూస్తే కళ్లు తిరుగుతాయి. కానీ నిచ్చెన ఎంత ఎత్తు లేస్తుందన్నది సగం మాటే. పక్కకు ఎంత చాస్తే అంత ఎత్తు తగ్గుతుంది. యూరప్‌లో ఎక్కువగా వాడే నిచ్చెన బండి పేరే 23-12. అంటే 12 మీటర్లు పక్కకు చాచి 23 మీటర్ల ఎత్తు అందుకుంటుంది. గోడకు దూరంగా ఆగాల్సి వస్తే ఆ ఎత్తూ దక్కదు. దానికి ముందు నాలుగు జాకీ కాళ్లు చాపడానికి చోటు కావాలి, వరసగా కార్లు పెట్టిన రోడ్డులో అది దొరకదు. కాలు కింద మ్యాన్‌హోల్ మూతో, కొత్తగా పూడ్చిన కందకమో ఉంటే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

విమానాశ్రయం బండ్లు ఒక్కటి ఈ లెక్కకు బయట ఉంటాయి. వాటికి పరుగే ప్రధానం. రన్‌వే మీద ఏ చివరికైనా రెండు నిమిషాల్లో చేరాలన్నది అంతర్జాతీయ లక్ష్యం, మూడు దాటకూడదు. కదులుతూనే నురుగు కొట్టగలవు. వాటిని చూసి మామూలు ఊరి బండ్లు అలా ఉండవేమని అడిగేవాళ్లుంటారు. రన్‌వే మీద ఎవరూ కారు పార్కు చేయరు మరి.

చివరిది, ఇంజన్ ఎందుకు ఆపలేదన్నది. అది ఆపితే పంపు ఆగుతుంది, లైట్లు, రేడియోలు బ్యాటరీని తాగేస్తాయి. పైకి మంట ఆరినా పరుపుల్లో, దూదిలో, చెక్క సందుల్లో నిప్పు దాగి ఉంటుంది. ఒక గుడ్డల గోదాము దగ్గర మేం తొందరపడి ఇంజన్ ఆపి, పైపులు విప్పి చుట్టేశాం. చివరి పైపు బండిలో పెడుతుంటే రెండో వరస బేళ్ల మధ్య నుంచి సన్నగా పొగ లేచింది. పీటీవో మళ్లీ కలిపి, పైపులు మళ్లీ పరిచి, నాజిల్ దగ్గర నీళ్లు పడేసరికి ఆరు నిమిషాలు పట్టింది. ఆ ఆరు నిమిషాల్లో రెండో వరస మొత్తం పోయింది.